పుస్తకం ఖాళీగా వస్తోంది, బట్టల నిండా మట్టి: నాలుగున్నరేళ్ళ బాబు తల్లికి జవాబు

శ్రీకాకుళం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. కొంచెం కుదించి పెడుతున్నాను.

"మేడమ్, మా బాబుకి నాలుగున్నరేళ్ళు. జూన్‌లో ఆటపాటలతో నేర్పే బడి అంటే నచ్చి అందులో వేశాం. రోజూ ఇంటికి రాగానే మా అత్తగారు 'ఏటి రాసినావురా ఇయ్యాల?' అని అడుగుతారు, వాడు 'ఏటీ నేదు, ఆడుకున్నాం' అంటాడు. పుస్తకం తీస్తే ఒక్క అక్షరం ఉండదు, చొక్కా నిండా మట్టి. మా తోటికోడలి కూతురు వీడికంటే రెండు నెలలు చిన్నది, వేరే స్కూల్లో ఎల్‌కేజీ, వంద వరకు అంకెలు, ఏబీసీడీలు చకచకా రాసేస్తోంది. ఇంటికి నలుగురు వచ్చినప్పుడు ఆ పాప చేత రాయించి చూపిస్తుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. మా ఆయన సంక్రాంతి తర్వాత స్కూలు మార్చేద్దామంటున్నారు. అసలు పొద్దున్నుంచి ఇళ్ళకి పంపేదాకా అక్కడ ఏం చేయిస్తారు? ఒకటో తరగతికి వెళ్ళాక వెనకబడిపోడా? మా అత్తగారికి ఏం చెప్పమంటారు?"

అమ్మా, ముందు మీ టెన్షన్ కాస్త తగ్గే మాట చెప్తాను. నాలుగున్నరేళ్ళ పిల్లాడి పుస్తకం ఖాళీగా ఉన్నందుకు వాడికి జరిగిన నష్టం ఏమీ లేదు. అలాగని ఆటల బడి అని బోర్డు పెట్టిన ప్రతిచోటా పిల్లలు నేర్చుకుంటున్నారని కూడా నేను అనను, ఎందుకంటే పిల్లల్ని ఒక గదిలో వదిలేసి టీవీలో పాటలు పెట్టి దాన్నే ఆటపాటల చదువు అనేవాళ్ళూ ఉన్నారు. ఆట వెనక ఒక టీచరు ఆలోచన ఉండాలి, ఆడుతున్నంత సేపూ ఆమె కళ్ళు పిల్లల మీద ఉండాలి, అప్పుడే అది చదువు. నేను విజయనగరంలో చిన్నపిల్లల బడిలో చాలా ఏళ్ళుగా టీచర్ని, కాబట్టి మా దగ్గర ఒక రోజు ఎలా గడుస్తుందో చెప్తాను, టైములు మీ బడిలో అటూ ఇటూగా ఉండొచ్చు.

తొమ్మిదింటికి పిల్లలు వస్తారు. చెప్పులు ఎవరివి వాళ్ళే విప్పి అరలో పెట్టుకోవాలి, కుడిదీ ఎడమదీ జత కలిపి. సంచి తగిలించుకోవాలి. తర్వాత హాజరు, అది మేము పేర్లు పిలిచి వేసుకోం. బల్ల మీద అందరి పేర్ల అట్టముక్కలు కలగలిపి పరిచి ఉంటాయి, ఒక్కో పేరు పక్కన ఒక్కో బొమ్మ, ఒకరికి చేప, ఒకరికి గొడుగు, ఒకరికి జీడిమామిడి పండు. తన ముక్క తను వెతుక్కుని గోడ మీద సంచుల వరసలో పెట్టాలి. జూన్‌లో అందరూ బొమ్మ చూసే తీస్తారు, దీపావళి అయ్యేసరికి బొమ్మను వేలితో మూసినా చాలామంది పేరును చూసి గుర్తుపడతారు, పక్కవాళ్ళ పేర్లు కూడా గుర్తుపట్టి "ఇది నీదే" అని అందిస్తారు. ఇది చదవడం కాక మరేమిటమ్మా? కానీ దీనికి పుస్తకంలో గుర్తేమీ ఉండదు.

తర్వాత అందరం గుండ్రంగా కూర్చుని కబుర్లు. ఎవరు రాలేదు, ఎంతమంది రాలేదు, అయితే ఇవాళ ఎన్ని పళ్ళాలు కావాలి. ఒకడు లేచి "మా ఆవు ఈనింది" అంటాడు, ఇంక ఆ రోజు కబుర్లన్నీ దూడ చుట్టూనే తిరుగుతాయి, దానికి పేరేంటి, రాత్రి ఈనిందా పొద్దున్నా, మీ తాతకి ముందే ఎలా తెలిసింది. ఏ ముక్కా తడుముకోకుండా జరిగింది జరిగినట్టు ఒక వరసలో చెప్పడం పెద్దవాళ్ళకే అంత తేలిక కాదు, నాలుగేళ్ళ వాడు పదిమంది ముందు నిలబడి చెప్తున్నాడంటే అది చాలా పెద్ద పని. రేపు వాడు వ్యాసం రాయాలన్నా దానికి ఇదే పునాది.

ఆ పైన ఒక గంట పూర్తిగా వాళ్ళ ఆట. మీ వాడు "ఆడుకున్నాం" అంటున్నది ముఖ్యంగా ఈ గంట గురించే. గదిలో ఒక మూల చెక్క దిమ్మలు, ఒక మూల లక్కపిడతలు, బొమ్మలిల్లు, ఇంకో చోట బంకమట్టి, బయట ఇసుక, నీళ్ళు. ఎవరికి నచ్చిన చోట వాళ్ళు కూర్చుంటారు. ఇక్కడ ఒక ఆట కాస్త వివరంగా చెప్తాను, చెప్తే గాని మీకు అర్థం కాదు.

దసరా వెళ్ళిన మంగళవారం మా ఊళ్ళో పైడితల్లమ్మ సిరిమానోత్సవం అని మీకు తెలిసిందే కదా. పొడవాటి చింతమాను కొసన పూజారి కూర్చుంటే, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు ఊరేగిస్తారు, జనం అరటిపళ్ళు విసురుతారు. సెలవులయ్యాక బడి తెరిచేసరికి పిల్లల బుర్రల్లో అదే. మొన్నటి దసరాకి చెక్క దిమ్మల మూల ఐదుగురు కలిసి సిరిమాను కట్టారు. మానుకి పాత బూజుకర్ర, పూజారికి గుడ్డబొమ్మ, రథానికి నాలుగు దిమ్మలు. కర్ర కొసన బొమ్మని కట్టి పైకి లేపగానే అటువైపు ఒరిగి దబ్బున పడిపోయింది. మళ్ళీ కట్టారు, మళ్ళీ పడింది. నేను పక్కనే కూర్చుని "బొమ్మ ఎందుకు పడిపోతోంది?" అని మాత్రం అడిగి ఊరుకున్నాను. ఒకమ్మాయి "అటు బరువెక్కువ" అంది. ఇంకొకడు రెండో కొసన ఒక దిమ్మ కట్టాడు, చాలలేదు, రెండోది కట్టాడు, నిలబడింది. వాళ్ళ అరుపులకి పక్కగది టీచరు పరిగెత్తుకొచ్చింది. తర్వాత పూజారిని ఎవరు పట్టుకోవాలని గొడవ, ఒకడు ఏడుపు. నన్ను పేర్లు వరసగా రాయమన్నారు, రాసి గోడకి అంటించాను, ఎవరి వంతు వస్తే వాళ్ళు వెళ్ళి ఆ కాగితంలో తమ పేరు మీద వేలు పెట్టి చూసుకుని వచ్చారు. పసుపు బంకమట్టితో అరటిపళ్ళు చేశారు. పుస్తకాల అర గుడి, తలుపు కోట, మూడు తిరుగుళ్ళు లెక్కపెట్టుకుంటూ తిరిగారు.

ఆ గంటలో బరువు, తూకం, లెక్క, చదవడం, వంతు కోసం ఆగడం, కోపం వచ్చినా కొట్టకుండా మాటతో తేల్చుకోవడం, అన్నీ ఉన్నాయి. ఆ రోజు ఇంటికెళ్ళాక "ఏం చేశావు" అంటే ఐదుగురూ ఒకటే చెప్పి ఉంటారు, ఆడుకున్నాం అని.

రాయడం సంగతి. మనిషి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి, నాలుగేళ్ళ వయసుకి అవన్నీ ఇంకా ఎముకగా గట్టిపడవు, కొన్ని మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. వేళ్ళలో పట్టు కూడా అప్పుడప్పుడే వస్తుంటుంది. మూడేళ్ళకి సున్నా, నాలుగేళ్ళకి కూడిక గుర్తు, ఆ తర్వాత చదరం, ఐదేళ్ళు దగ్గరపడ్డాక త్రిభుజం, పిల్లలు చూసి గీయగలిగే వరస దాదాపు ఇలా ఉంటుంది. త్రిభుజం ఇంకా రాని చేతితో పేజీలకు పేజీలు నింపిస్తే వాడు పెన్సిల్‌ని పిడికిలితో బిగించి పట్టుకుంటాడు, ఆ పట్టు తర్వాత మార్చడం ఎంత కష్టమో ఒకటో తరగతి టీచర్లని అడగండి. అందుకే మేము ముందు చేతిని తయారు చేస్తాం. బంకమట్టి పిసకడం, వేరుశెనక్కాయలు ఒలవడం, పూసలు గుచ్చడం, చిన్న కత్తెరతో కాగితం కత్తిరించడం, తడి ఇసుక మీద వేలితో గీయడం. తెలుగు అక్షరాల్లో గీతలకంటే వంపులు ఎక్కువ. సున్నాని మొదలుపెట్టిన చోటికే తెచ్చి కలపగలిగిన చేతికి ర, ఠ రావడం ఎంతసేపు? మా బడి వాకిట్లో చుక్కలు పెట్టి పిల్లల చేత సుద్దముక్కతో మెలికలు తిప్పిస్తాం, అది కూడా మాకు రాత పాఠమే.

పదకొండు గంటలకి తినడం. చేతులు కడుక్కుని, ఆ రోజు వంతు వచ్చిన ఇద్దరు పళ్ళాలు పంచుతారు, ఒకరికి ఒకటి చొప్పున. చోడి అంబలో, ఉడికించిన శనగలో, చలికాలం అయితే తేగలో. "ఒక్కొక్కరికీ ఐదేసి శనగలు ముందు వెయ్యి" అంటాం. అంకెల విషయంలో ఇదే అసలు తేడా అమ్మా. ఒకటి నుంచి వంద వరకు అప్పచెప్పడం నోటికి పట్టిన పాటలాంటిది, ఏడు అంటే ఏడు వస్తువులని, ఆరుకంటే ఒకటి ఎక్కువని తెలియడం వేరు. మొదటిది ఉండి రెండోది లేని పిల్లలు రెండో తరగతి కూడికల దగ్గర ఆగిపోతారు. అయితే దయచేసి మీ తోటికోడలి పాపని పిలిచి అందరి ముందు "పన్నెండు పిక్కలు లెక్కపెట్టి తే చూద్దాం" అని పరీక్ష మాత్రం పెట్టకండి. ఆ పాప ఏం చేసింది పాపం, మీ బాబు వయసుదే, రాయించినవాళ్ళు పెద్దవాళ్ళు.

తిన్నాక బయట పరుగులు, ఎక్కడాలు, దూకడాలు. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఒళ్ళు అలిసిన పిల్లలే తర్వాత కుదురుగా కూర్చుంటారు.

చివరి అరగంటలో చిన్న గుంపులుగా టీచరుతో పని, ఆ తర్వాత కథ. ఈ పని కూడా పిల్లలకి ఆటలాగే ఉంటుంది. అ-ర-టి అని పలుకుకి ఒక చప్పట్లు కొట్టడం, "క"తో మొదలయ్యే పేర్లు వెతకడం, కాకి, కత్తి, కమల, ఇల్లు అంటూ ఒకటి తప్పుగా చెప్తే పట్టుకోవడం. తెలుగులో మనం అక్షరానికి ఒక పలుకు రాస్తాం కాబట్టి పలుకులు విడివిడిగా వినగలిగే చెవి ఉంటే అక్షరాలు చూపించిన రోజున త్వరగా అతుక్కుంటాయి. పన్నెండున్నరకి ఇళ్ళకి.

ఇదంతా కొత్త ఫ్యాషన్ అని మీ ఆయన అనుకుంటుంటే, కాదని చెప్పండి. జర్మనీలో ఫ్రోబెల్ చిన్నపిల్లల కోసం ఇలాంటి బడి పెట్టింది 1837లో. మన దేశంలో గిజుభాయ్ బధేకా గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిరం తెరిచింది 1920లో. ఇప్పుడు ప్రభుత్వం కూడా ఇదే మాట అంటోంది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఒకే పునాది దశగా పెట్టి, ఆటల ద్వారా, పనుల ద్వారా నేర్పమంది. 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం ఈ వయసు పిల్లలకి పరీక్షలు తగవని చెప్పింది.

ఇక ఒకటో తరగతి భయం. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, మొదటి కొన్ని నెలలు మీ వాడు రాతలో కాస్త నెమ్మదిగా ఉండొచ్చు, ముఖ్యంగా రాత మీదే నడిచే స్కూల్లో వేస్తే. బోర్డు మీదిది దించుకోవడం అలవాటు లేక ఇబ్బంది పడతాడు. కానీ విని అర్థం చేసుకోవడం, అడగడం, రానిదాన్ని మళ్ళీ ప్రయత్నించడం వచ్చిన పిల్లలు ఆ తేడాని పూడ్చుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. పైగా మంచి ఆటల బడి ఏదైనా ఐదు నిండిన పిల్లలకి అక్షరాలు, అంకెలు రాయడం మొదలుపెడుతుంది, మీ బడిలో ఎప్పుడు మొదలుపెడతారో, ఎలా నేర్పుతారో నేరుగా అడగండి, అడిగే హక్కు మీకుంది. సీటు కోసం ఎంట్రెన్స్ పెడతారేమో అని కూడా చాలామంది తల్లులు భయపడతారు. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం వర్తించే బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లలకి గాని తల్లిదండ్రులకి గాని వడపోత పరీక్ష పెట్టకూడదు, పెడితే మొదటిసారి 25,000 రూపాయల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 వరకు జరిమానా ఉంది.

బడి మార్చాలా వద్దా అన్నది పుస్తకం చూసి తేల్చకండి, బడికి వెళ్ళి చూసి తేల్చండి. మీరూ మీ ఆయనా ఇద్దరూ వెళ్ళి ఒక పూట ఓ మూల కూర్చోండి. గదిలో ఎక్కువ ఎవరి గొంతు వినిపిస్తోంది, పిల్లలదా టీచరుదా? గోడ మీద పిల్లలు వేసిన బొమ్మలన్నీ ఒకే ఆపిల్, ఒకే ఎరుపు, గీత దాటకుండా ఉన్నాయా, లేక దేనికది వేరుగా ఉందా? ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే టీచరు ఏం చేసింది, అరిచిందా, వంగి మాట్లాడిందా? టీవీ ఎంతసేపు నడిచింది? వస్తువులు పిల్లల చేతికి అందేలా ఉన్నాయా, బీరువాలో అద్దాల వెనక మెరుస్తున్నాయా? గేటు మూసి ఉందా, మరుగుదొడ్డి శుభ్రంగా ఉందా అన్నవి చెప్పక్కర్లేదనుకుంటాను. అన్నిటికంటే ముఖ్యంగా టీచరుని ఒక్క ప్రశ్న అడగండి: "ఈ నెలలో మా వాడు కొత్తగా ఏం చేశాడు?" పిల్లాణ్ణి నిజంగా గమనించే టీచరు టక్కున చెప్తుంది, మొన్నటిదాకా ఒక్కడే ఆడేవాడండి, ఈ వారం ఫలానా పాపతో కలిసి వంతెన కట్టాడు, కత్తెర ఇప్పుడు నిటారుగా పట్టుకుంటున్నాడు, ఇలా. "చాలా యాక్టివ్ అండీ, చాలా బాగా చేస్తున్నాడు" దగ్గరే ఆగిపోయిందంటే ఇంకో రెండుసార్లు అడిగి చూడండి, అప్పుడూ అదే మాట అయితే మీ అనుమానం నిజమే, బడి మార్చడమే మంచిది. మార్చినా గంటలకొద్దీ కాపీలు రాయించే చోటికి మాత్రం కాదు.

నిజంగా పట్టించుకోవాల్సినవి వేరే ఉన్నాయి, మీ ఉత్తరంలో అవేమీ నాకు కనిపించలేదు గాని చెప్పడం నా బాధ్యత. నాలుగున్నరేళ్ళకి వాక్యాల్లో మాట్లాడకపోవడం, పిలిస్తే తిరిగి చూడకపోవడం, ఏ పిల్లలతోనూ కలవకపోవడం, టీవీ మరీ దగ్గరగా చూడటం, ఇంతకుముందు వచ్చినవి పోవడం. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకి చూపించాలి.

మీ అత్తగారి విషయంలో నా సలహా, వాదించకండి. ఆవిడ అడిగేది మనవడి మీద ప్రేమతోనే, ఆవిడకి తెలిసిన చదువు పలక మీద కనపడే చదువు. ఆవిడనే ఈ చదువులోకి లాగండి. ఇంట్లో వామనగుంటల పీట ఉంటే తీయండి, లేకపోతే నేల మీద సుద్దతో ఏడేసి గుంటలు రెండు వరసలు గీసి చింతపిక్కలు పోసి, రోజూ సాయంత్రం నానమ్మా మనవడూ ఆడాలి అనండి. పిక్కలు పంచుకుంటూ వెళ్ళడం, ఎక్కడ ఖాళీ వస్తుందో ముందే ఊహించడం, చివర ఎవరికెన్నో లెక్క, ఆ లెక్క వాడి నోట్లోంచి ఆవిడే స్వయంగా వింటారు. పొద్దున్న ముగ్గు వేసేటప్పుడు చుక్కలు వాడి చేత పెట్టించమనండి. ఇంకో పని, "ఏటి రాసినావు" బదులు "ఎవురితో ఆడినావు, ఏటి కట్టినావు, పడిపోనాదా, మరప్పుడేటి సేసినావు" అని అడగమనండి. మొదటి రెండు రోజులు వాడు పొడిపొడిగా చెప్పినా తర్వాత ఆపమన్నా ఆపడు.

తోటికోడలి దగ్గర పోలిక వచ్చినప్పుడు మీరు నవ్వి "బాగా రాస్తోంది" అనేయండి, నిజమే కదా. ఆ తర్వాత ఇద్దరు పిల్లల్నీ ఒక చోట కూర్చోబెట్టి ఏటికొప్పాక లక్కపిడతల సెట్టు ఒకటి ముందు పెట్టండి, అంకుడు కర్రతో చేసి లక్కరంగులు వేసినవి, చిన్న చేతుల్లో చక్కగా ఇముడుతాయి. ఇద్దరూ పోటీ మరిచిపోయి వంట మొదలుపెడతారు. ఇద్దరూ అన్నాచెల్లెళ్ళు, రేపు ఒకరికొకరు కావాల్సినవాళ్ళు, పెద్దవాళ్ళు పెట్టిన పోటీ వాళ్ళ మధ్య ఇప్పట్నుంచీ ఎందుకు?

మట్టి బట్టల గురించి కూడా రాశారు. ఒక పాత నిక్కరు, పాత చొక్కా సంచిలో పెట్టి పంపండి, ఆటకి ముందు మార్చమని ఆయాకి చెప్పండి. ఎర్రమట్టి మరక ఆరిన తర్వాత దులిపి ఉతికితే త్వరగా పోతుంది, తడి మీద రుద్దితే ఇంకా పాకుతుంది.

బడి చూడటానికి వెళ్ళేటప్పుడు ఒక రోజు ముందు చెప్పి వెళ్ళండి, సోమవారం మాత్రం వద్దు, ఆదివారం ఇంట్లో ఉండి వచ్చిన పిల్లలు ఆ రోజు గుమ్మం దగ్గరే పేచీలు పెడతారు, మీకు అసలు రోజు కనపడదు. బుధవారమో గురువారమో వెళ్ళి, తొమ్మిది నుంచి ఆ ఆటల గంట పూర్తయ్యేదాకా ఉండండి, మధ్యలో మీ వాడు పిలిచినా వాడి ఆటలో మీరు కలగజేసుకోకండి.